మంత్రం జారిపోయాక మిగిలేది నిద్రా, అతీతమా?

ప్రశ్న: పొద్దున్నే ఆర్.కె. బీచ్‌లో ఇసుకమీద కూర్చుని ఇరవై నిమిషాలు మంత్రజపం చేస్తాను. సగంలోనే మంత్రం జారిపోతుంది, తర్వాత ఏమీ గుర్తుండదు. 'అతీత స్థితి' అంటే ఇదేనా?
– ఓ పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: మీరు చెప్పినదాన్నిబట్టి కునుకు అయ్యే అవకాశమే ఎక్కువ. అతీతం అంటే 'దాటిపోయినది'. ఆలోచన ఆగితే చాలు, దాటేశామనుకుంటారు చాలామంది. కానీ పతంజలి నిద్రను కూడా చిత్తవృత్తుల్లోనే, అంటే మనసు కదలికల్లోనే, లెక్కవేశాడు (యోగసూత్రం 1.10). మాండూక్య ఉపనిషత్తు చెప్పే తురీయం, అంటే నాలుగో స్థితి, మెలకువ, కల, గాఢనిద్ర మూడింటికీ అవతలిది. అందుకే ఆ ఉపనిషత్తుపై కారికలు రాసిన గౌడపాదులు 'లయే సంబోధయేచ్చిత్తం' అన్నారు. మనసు లయంలోకి, అంటే నిద్రమత్తులోకి, జారితే లేపమని.

మెడ వాలిపోయి, ఊపిరి బరువెక్కి, ఉలిక్కిపడి లేస్తున్నారా? అది లయం. వెన్ను నిలిచే ఉండి, ఊపిరి సన్నబడి, పక్కన మాటలు వినబడుతున్నా మనసు వాటి వెంట పోకపోతే జపం సూక్ష్మమవుతున్నట్టు. 'ఇదిగో, దాటేశాను' అని తోచిందంటే మాత్రం అదీ ఒక ఆలోచనే!

ముందు ఆసనం సరిచేసుకోండి. పొడి ఇసుకలో పిరుదులు దిగబడి నడుము గూనిగా వంగుతుంది, ఇక కునుకు రాక ఏమవుతుంది? దుప్పటి మడిచి నాలుగు వేళ్ల ఎత్తున కింద వేసుకుంటే మోకాళ్లు తుంటికన్నా కిందికి వస్తాయి. టిఫిన్ జపం అయ్యాకే.

మొదటి ఐదు నిమిషాలు పైకి వినబడేలా, తర్వాత ఐదు ఉపాంశువుగా, అంటే పెదవులు కదిలినా పక్కవాళ్లకు వినబడకుండా జపించండి. మిగతా పది మనసులోనే. మంత్రం మసకబారితే లాగి పట్టుకోవద్దు. అలా చేస్తే కనుబొమలు ముడిపడి తల దిమ్మెక్కుతుంది. తప్పిపోయిందని తెలిసినప్పుడు మెల్లగా మళ్లీ అందుకోండి. కునుకు వస్తుంటే కళ్లు సగం తెరిచి ఉపాంశువుకు దిగిరండి. అయ్యాక రెండు మూడు నిమిషాలు ఊరికే కూర్చుని లేవండి.

ప్రశ్న: ఊపిరి బిగబడితే ఈ అతీత స్థితి త్వరగా రాదా?
– మరో పాఠకుడు, గాజువాక

జవాబు: రాదు. బిగబట్టడం స్తంభవృత్తి, అంటే పతంజలి చెప్పిన ప్రాణాయామాల్లో మూడోది. బయటి, లోపలి విషయాలను దాటిన ప్రాణాయామాన్ని పతంజలి విడిగా నాలుగోదిగా చెప్పాడు (2.51). అక్కడ శ్వాస సన్నబడి తనంతట తానే నిలుస్తుంది. బలవంతంగా ఆపితే దడ, ఆయాసం తప్ప ఇంకేమీ ఉండదు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఆ జోలికే పోకూడదు.