హాట్‌రాడ్ ముందు భాగం లేపితే చట్టం ఒప్పుకుంటుందా?

ప్రశ్న: కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం. 1932 ఫోర్డ్ హాట్‌రాడ్ (మార్పులు చేసిన పాతకాలపు కారు) కొన్నాను. ముందు 4 అంగుళాల డ్రాప్ యాక్సిల్ (బండిని అంత కిందికి దించేలా వంచిన ఇరుసు), చిన్న టైర్లు. వెనక పెద్ద టైర్లు. బండి మరీ కిందికి ఉందని, సరిచేసుకోమని పోలీసులు వెహికిల్ కోడ్ 24008 కింద నోటీసు ఇచ్చారు. ముందు భాగం 2 అంగుళాలు లేపాలనుకుంటున్నాను. తప్పవుతుందా? రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ మార్చుకోవాలా? తర్వాత బండిని హైదరాబాద్ పంపించుకోవచ్చా?

జవాబు: లేపడం తప్పు కాదు. అయితే ముందు లేపినంత మాత్రాన నోటీసు బాధ తీరుతుందని కూడా అనుకోకండి. ముందు టేపు పట్టుకుని బండి కిందికి దూరండి.

24008 చెప్పేది ఇది: అసలు డిజైన్ నుంచి మార్చిన బండిలో, చక్రాలు తప్ప మరే భాగమూ చక్రం రిమ్ అడుగు అంచుకంటే నేలకు దగ్గరగా ఉండకూడదు. టైరు పూర్తిగా గాలి పోయి రిమ్ మీద కూర్చున్నా మరేదీ రోడ్డును తాకకూడదని దాని భావం. చట్టంలో ఉన్న మాట 'ఏ చక్రపు రిమ్ అయినా' అని. ఇక్కడే హాట్‌రాడ్ వాళ్లు దెబ్బతింటారు. అందరూ ముందు రిమ్‌తో పోల్చి సరిపోయిందనుకుంటారు. మీ వెనక టైరు పెద్దది కాబట్టి దాని రిమ్ నేలకు ఇంకా ఎత్తులో ఉంటుంది. అక్షరాలా చదివితే మీ బండి ఆ ఎత్తును కూడా దాటాలి. నేనైతే కఠినమైన అర్థాన్నే నమ్ముకోమంటాను.

లెక్క చూడండి. ముందు రిమ్ నేలకు నాలుగున్నర అంగుళాలు, వెనక రిమ్ 6, బండి మధ్యలో సైలెన్సర్ పైపు క్లాంపు 4.75 అనుకుందాం. ముందు యాక్సిల్ దగ్గర 2 అంగుళాలు లేపితే, రెండు యాక్సిళ్ల నడుమ ఉన్న క్లాంపు ఒక అంగుళమే లేస్తుంది. అంటే 5.75. పని చేయించి, డబ్బు పెట్టి, ఇంకా పావు అంగుళం తక్కువ! అలాంటప్పుడు పైపును పైకి జరిపించడమే చౌక బేరం. వెనక యాక్సిల్ దగ్గర వేలాడే భాగానికైతే ముందు లేపడం వల్ల ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు. సమతలంగా ఉన్న నేల మీద, టైర్లలో సరైన గాలి ఉంచి కొలవండి. ఆయిల్ పాన్, పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్స్ చేయి), రాడ్ బ్రాకెట్లు దేన్నీ వదలొద్దు.

ఎక్కువ ఎత్తుకు కూడా హద్దుంది. 24008.5 ప్రకారం ప్యాసింజర్ కారు ఫ్రేమ్ 23 అంగుళాలు దాటకూడదు. ముందు యాక్సిల్‌కి, దాని తర్వాతి యాక్సిల్‌కి నడిమధ్య, ఖాళీ బండి మీద కొలుస్తారు. మీకు ఆ భయం లేదు.

హెడ్‌లైట్ల విషయం మాత్రం చూసుకోండి. 24400 ప్రకారం అవి నేలకు 22 నుంచి 54 అంగుళాల మధ్య ఉండాలి. 1930కి ముందు రిజిస్టరైన బండ్లకు తప్ప, ముందు యాక్సిల్‌కి సరిగ్గా పైన గానీ దానికి ముందు గానీ ఉండాలి. యాక్సిల్‌ని రేడియేటర్ ముందుకు నెట్టిన బండ్లలో లైట్లు వెనకబడి ఉంటాయి, అది వేరే నోటీసు. 106 అంగుళాల వీల్‌బేస్ మీద ముందు 2 అంగుళాలు లేపితే బండి సుమారు ఒక డిగ్రీ ముక్కెత్తుతుంది. ఆ ఒక్క డిగ్రీకే 25 అడుగుల దూరంలో గోడ మీద వెలుగు దాదాపు ఐదున్నర అంగుళాలు పైకి పోతుంది. లైట్లను మళ్లీ దించి సెట్ చేయించండి.

ఇక పని. 2 అంగుళాలకు శుభ్రమైన దారి 4 అంగుళాల డ్రాప్ యాక్సిల్ తీసి 2 అంగుళాలది వేయడం. అడ్డంగా ఉన్న కమాన్ పట్టీల్లో పెద్ద పట్టీ కన్ను (కొసన చుట్టిన రంధ్రం) తిరగేసి ఉంటే, మామూలు కన్ను పట్టీ వేస్తే సుమారు ఒక అంగుళం వస్తుంది. పట్టీ ఒకటి అదనంగా చేర్చినా లేస్తుంది కానీ తేలికపాటి బండి కాబట్టి కర్రలా బిగుసుకుంటుంది. క్రాస్‌మెంబర్ (ఫ్రేమ్ అడ్డదూలం) కింద ప్లేట్లు పేర్చి, పొడుగాటి యూ బోల్టులతో బిగించే పని వద్దు. సెంటర్ బోల్టు తల దాని గుంటలో కూర్చోకపోతే కమాను పక్కకి జరుగుతుంది.

అన్నిటికంటే తప్పుదోవ పట్టించేది క్యాస్టర్, అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం తిరిగే కీలు పైభాగం వెనక్కి వాలిన కోణం. హెయిర్‌పిన్ రాడ్లు లేదా చీల్చిన విష్‌బోన్ (యాక్సిల్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే రాడ్లు) ఉన్న బండిలో కమాను మార్చి ఫ్రేమ్ లేపినప్పుడు రాడ్ వెనక కొస కూడా లేస్తుంది, యాక్సిల్ ముందుకు తిరుగుతుంది. రాడ్ వెనక కొస కీలు (పివట్) యాక్సిల్‌కి 36 అంగుళాలు వెనక ఉంటే సుమారు 2 డిగ్రీల క్యాస్టర్ తగ్గుతుంది. 6 ఉన్నది 4కి వస్తే హైవే మీద బండి అటూ ఇటూ తిరుగుతుంది. సమాంతరమైన ఫోర్ బార్ (ఒక్కో పక్క రెండేసి రాడ్లు) ఉంటే దీనికి విరుద్ధం: క్యాస్టర్ ఒక డిగ్రీ పెరుగుతుంది. పని చేసేవారిని 'ఏ రాడ్లు, ఎటు మారుతుంది?' అని అడగండి, జవాబు తడబడితే వేరే చోటు చూసుకోండి. షాకిల్స్ (కమాను కొసల్ని పట్టే లింకులు) సుమారు 45 డిగ్రీల్లో నిలవాలి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి చక్రం వేలాడదీసినప్పుడు బ్రేక్ హోస్ లాగేయకూడదు, షాక్ అబ్జార్బర్ నిడివి చాలాలి. ఇవి లేకపోతే 24002 కింద ప్రమాదకర స్థితిలో నడిపారన్న ఆరోపణకు మీరే చోటిచ్చినట్టు.

అందుకే కాగితాలు. కాలిఫోర్నియా ఆటోమోటివ్ రిపేర్ చట్టం ప్రకారం షాపు మీకు రాతపూర్వక ఎస్టిమేట్ ఇవ్వాలి, మీ అనుమతి లేకుండా దాన్ని మించి చేయకూడదు. బిల్లులో చేసిన పని, వేసిన భాగాలు, వాటిలో పాతవి లేదా రీబిల్ట్ ఉంటే ఆ సంగతి ఉండాలి. పాత యాక్సిల్ మీకు కావాలంటే పని అప్పగించేటప్పుడే అడగాలి, తర్వాత కాదు. పనికి ముందూ తర్వాతా అలైన్‌మెంట్ (చక్రాల కోణాల) ప్రింట్లు తీసుకుని దాచండి. ఏదైనా ప్రమాదం జరిగితే మీ పక్షాన మాట్లాడేవి అవే.

నోటీసు సంగతి: అందులో రాసిన గడువు లోపు సరిచేసి, పోలీసు అధికారితో సంతకం చేయించి, 25 డాలర్ల ఫీజుతో కోర్టుకు ఇవ్వాలి. సరిచేసి ఊరుకుంటే కాదు; సంతకమైన రుజువు కోర్టుకు చేరకపోవడం దానంతట అదే మిస్‌డిమీనర్ (చిన్న తరహా నేరం) అయ్యే ప్రమాదం ఉంది. ఇంకొక మాట. సంతకానికి వెళ్లేటప్పుడు చక్రాలపై మడ్‌గార్డులు లేకపోతే 27600 కింద కొత్త నోటీసు తెచ్చుకునే వీలుంది. టైరు నేలను తాకే ట్రెడ్ వెడల్పంతా కప్పాలి; 1971కి ముందు తయారై రిజిస్టరైనా, 1,500 పౌండ్లలోపు బండ్లకే మినహాయింపు, మీ ఫోర్డ్ అందులోకి రాదు.

రిజిస్ట్రేషన్ మార్చనక్కర్లేదు. ఫ్రేమ్ మీద కొట్టిన నంబరును గ్రైండర్‌కి దూరంగా ఉంచండి, ఉద్దేశపూర్వకంగా చెరిపితే నేరం. ఇన్సూరెన్స్ కంపెనీకి మాత్రం పని ముందే ఈమెయిల్ రాయండి. ఇన్సూరెన్స్ కోడ్ 331 ప్రకారం దాచిపెట్టడం, అనుకోకుండా జరిగినా సరే, పాలసీని రద్దు చేసుకునే హక్కు వాళ్లకిస్తుంది. 'అంగీకరించిన విలువ' (బండి విలువ ముందే ఒప్పుకున్న) పాలసీ అయితే కొత్త ఫొటోలు, బిల్లులు జతచేయండి.

హైదరాబాద్ ఆశ మానుకోవడమే మంచిది. 2021లో భారత్‌లో వచ్చిన వింటేజ్ బండ్ల నిబంధనలు మొదటి రిజిస్ట్రేషన్‌కి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకే; చాసిస్, బాడీ, ఇంజిన్ మార్చినవి వాటి కిందికి రావు. హాట్‌రాడ్‌లో సాధారణంగా ఆ మూడింటిలో ఏదో ఒకటైనా మార్చే ఉంటారు.