కొత్త స్ట్రట్లు, లోయర్ ఆర్మ్‌లు: బిగించే ముందు ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న: స్విఫ్ట్ పెట్రోల్ బండికి ముందు వైపు రెండు స్ట్రట్లు (స్ప్రింగు మధ్యలో నిలబడి కుదుపును ఆపే షాక్ అబ్జార్బర్లు), వాటి మౌంటింగులు (స్ట్రట్ పై కొనను బండికి పట్టే రబ్బరు దిమ్మలు), రెండు లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కింది వైపు బండికి కలిపే ఇనుప చేతులు) ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఒక పెట్టె మూల నలిగి వచ్చింది. ఇంటి దగ్గర నేనే బిగించుకుంటాను. సామాను దెబ్బతిన్నదో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: పాతవి విప్పకముందే కొత్తవన్నీ బల్ల మీద పెట్టి చూసుకోండి. బండి స్టాండ్ల మీదికి ఎక్కాక లోపం బయటపడితే రెండు పూటల పని దండగ. పైగా స్పానర్ గుర్తు పడిన సామాను ఏ దుకాణమైనా వెనక్కి తీసుకోవడం కష్టం. నలిగిన పెట్టెను ఇంకా విప్పకపోతే ఆ మూల, పార్ట్ నంబరు, ఎమ్మార్పీ లేబులు కనబడేలా ఫోన్‌లో వీడియో మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా విప్పండి. శుభ్రమైన కాటన్ గుడ్డ, టార్చి, కాస్త దూది, వెర్నియర్ (సన్నని కొలతలు తీసే పరికరం) ఉంటే చాలు. వెర్నియర్ లేకపోతే స్కేలు.

ముందు పార్ట్ నంబరు. మీ బండి మోడల్ సంవత్సరానికీ, పెట్రోల్ ఇంజనుకూ ఆ నంబరు సరిపోవాలి. డీజిల్ ఇంజను బరువు ఎక్కువ కాబట్టి ఆ బండి సామాను వేరుగా ఉండొచ్చు. ముందు స్ట్రట్లకు ఎడమ, కుడి తేడా ఉంటుంది: బ్రేక్ హోస్ పట్టే క్లిప్పు, ఏబీఎస్ వైరు పట్టీ ఏ వైపు తిరిగి ఉన్నాయో చూస్తే తెలిసిపోతుంది. రెండు పెట్టెల్లోనూ ఎడమ వైపువే వచ్చిన సందర్భాలు ఉంటాయి. చక్రం విప్పి పాతదాన్ని ఫోటో తీసి పక్కన పెట్టుకుని పోల్చండి.

ఎక్కువ సమయం పెట్టాల్సింది స్ట్రట్ రాడ్ మీద. మెరుస్తున్న ఆ క్రోమ్ రాడ్ ప్రతి గుంతకూ ఆయిల్ సీలు (లోపలి ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు) పెదవిని రాసుకుంటూ పైకీ కిందికీ ఆడుతుంది. దాని మీద వెంట్రుకంత గాటు ఉన్నా అది ఆకురాయిలా సీలును కోసేస్తుంది. కొన్ని వారాల్లో స్ట్రట్ ఒళ్లంతా ఆయిల్. కంటితో చూస్తే చాలదు. రాడ్‌ను గుడ్డతో తుడిచి, దూది ఉండను దాని చుట్టూ పై నుంచి కింది దాకా మెల్లగా తిప్పండి. ఎక్కడైనా దూది పోగు చిక్కుకుంటే అక్కడ గోరుతో అడ్డంగా గీకి చూడండి. గోరు తట్టుకుంటే ఆ స్ట్రట్ వెనక్కి పంపాల్సిందే. ఎమరీ కాగితంతో రుద్ది సరిచేద్దామనుకోకండి, క్రోమ్ పూత పోయి అక్కడే తుప్పు పడుతుంది. ఒక్క మినహాయింపు: మరలకు ఆనుకుని, మౌంటింగు కింద దాగిపోయే భాగంలో చిన్న గీత ఉంటే భయం లేదు, అది సీలు దాకా చేరదు.

రాడ్ వంగిందేమో తెలియాలంటే పూర్తిగా బయటికి లాగి, స్ట్రట్ ఒంటిని కదలకుండా పట్టుకుని రాడ్‌ను చేత్తో తిప్పండి. కొన వలయం గీస్తున్నట్టు ఊగితే వంకర ఉన్నట్టే. నలిగిన పెట్టెలో ముందు అనుమానించాల్సింది ఇదే, ఎందుకంటే కింద పడితే దెబ్బంతా రాడ్ కొన మీదికి వస్తుంది. కొనన ఉన్న మరలు కూడా చూడండి. కొత్త నట్టు వేళ్లతోనే తేలిగ్గా ఎక్కాలి. నైలాన్ లాక్ నట్టయితే నైలాన్ తగిలే దాకా తేలిగ్గా ఎక్కి, అక్కడి నుంచే బిగుసుకోవాలి.

గ్యాస్ నింపిన స్ట్రట్లలో కొన్నింటికి రాడ్ లోపలికి నొక్కి ప్లాస్టిక్ పట్టీ వేసి ఉంటుంది. అది కోస్తే రాడ్ దానంతటదే బయటికి వస్తుంది. ముఖం, చేతులు పక్కకు పెట్టి కోయండి. తర్వాత స్ట్రట్‌ను నిలువుగా, రాడ్ పైకి ఉండేలా నిలబెట్టి నెమ్మదిగా నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి వదలండి. కొరియర్‌లో అడ్డంగా పడుకుని వచ్చింది కాబట్టి లోపలి గొట్టంలోకి గ్యాస్ చేరి ఉంటుంది. అందుకే మొదటి రెండుసార్లు మధ్యలో ఎక్కడో బలం లేనట్టు జారుతుంది. ఇది లోపం కాదు. ఏడెనిమిది సార్లు నొక్కినా ఒకే చోట అలాగే జారుతుంటే మాత్రం లోపమే. సన్నని బుస్సుమనే శబ్దం మామూలే. గరగరా, టక్‌మని తగలడం మామూలు కాదు. ఇలా గాలి తీసిన స్ట్రట్‌ను బండికి ఎక్కించే దాకా నిలువుగానే ఉంచండి.

రెండు స్ట్రట్లనూ ఒకేసారి కింది దాకా నొక్కి వదిలి చూడండి. గ్యాస్ రకమైతే రెండూ దాదాపు ఒకే వేగంతో పైకి రావాలి. ఒకటి వచ్చి రెండోది అక్కడే నిలిచిపోతే దానిలో గ్యాస్ పోయినట్టు. గ్యాస్ లేని ఆయిల్ రకం అయితే రెండూ పైకి రావు, కంగారు పడకండి, లేబుల్ చదవండి. రాడ్ చుట్టూ పల్చని జిడ్డు ఉంటే అది ఫ్యాక్టరీలో సీలుకు రాసిన నూనె. గుడ్డతో తుడిచి, రాత్రంతా నిలబెట్టి ఉంచి ఉదయం చూడండి. మళ్లీ తడి ఊరితే కారుతున్నట్టే.

స్ట్రట్ ఒంటి మీద సొట్ట ఉంటే వదిలేయకండి. మన చిన్న కార్లలో వాడేవి సాధారణంగా రెండు గొట్టాల రకం. పైగొట్టానికి చిన్న సొట్ట పడినా పిస్టన్ ఆడేది లోపలి గొట్టంలో కాబట్టి పని చేయవచ్చు, కానీ సొట్ట లోతుగా ఉంటే లోపలి గొట్టాన్ని నొక్కేస్తుంది. ఎంత లోతు అన్నది బయట నుంచి తేల్చలేం కనుక కొత్త సామానులో సొట్ట ఉంటే నేనైతే తీసుకోను. కింద నకుల్‌కు (చక్రం హబ్‌ను మోసే ఇనుప భాగానికి) బిగించే రెండు చెవులూ సమానంగా ఉండాలి. పై రంధ్రాల్లో బోల్టు దూర్చితే వంకర పోకుండా రెండు చెవుల్లోంచీ సూటిగా వెళ్లాలి. కింది రంధ్రాల్లో కూడా అంతే. గొట్టం నుంచి పై రంధ్రం ఎంత దూరం, కింది రంధ్రం ఎంత దూరం అన్నది రెండు స్ట్రట్లకూ కొలవండి. 1 మి.మీ. తేడా వచ్చినా చక్రం వాలు మారి, టైరు ఒక పక్కే అరుగుతుంది.

మౌంటింగును రెండు చేతులతో మెలిపెట్టి, రబ్బరు ఇనుముకు అతుక్కున్న చోట టార్చి వేసి చూడండి. గోరు దూరేంత సందు ఉంటే పనికిరాదు. బేరింగును అరచేత్తో నొక్కి పట్టి తిప్పితే ఎక్కడా ఆగకుండా తిరగాలి. ఆగి ఆగి తిరిగితే రేపు స్టీరింగ్ తిప్పినప్పుడు స్ప్రింగు మెలిపడి టంగుమంటుంది.

లోయర్ ఆర్మ్‌లు రెండూ నేల మీద అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా పెడితే వంకర ఉన్నది ఇట్టే తెలుస్తుంది. ఆర్మ్ కొనన గిన్నెలో గుండులా తిరిగే బాల్ జాయింట్ కొత్తది గట్టిగా ఉంటుంది, చేత్తో కదపడానికి శ్రమ పడాలి. గట్టిగా ఉండటం మంచిదే. లొడలొడలాడితే, లేదా ఒక చోట చటుక్కున వదులైతే వద్దు. రబ్బరు బూటును వేళ్లతో నొక్కితే గ్రీజు ఎక్కడా ఊరకూడదు. అంచును పట్టే తీగ రింగు గాడిలో కూర్చుని ఉందో లేదో చూడండి. వాన నీళ్లూ బురదా లోపలికి పోయేది అక్కడి నుంచే.

పాత స్ప్రింగులే వాడుతున్నారు కనుక వాటినీ తుడిచి, చివరి చుట్టు దగ్గర పూత పెచ్చు లేచి తుప్పు పట్టిందేమో చూడండి. విరిగేది ఎక్కువగా అక్కడే. బంప్ స్టాపరు (రాడ్ పూర్తిగా దిగినప్పుడు దెబ్బ ఆపే దిమ్మ), డస్ట్ కవరు (రాడ్ మీద దుమ్ము పడకుండా కప్పే తొడుగు) చాలా పెట్టెల్లో రావు, విడిగా కొనాలి. పాతవి చిరిగి ఉంటే అవే మళ్లీ వేయకండి, చిరుగులోంచి పడ్డ ఇసుక నేరుగా రాడ్ మీదికి చేరుతుంది.

మంచి సామాను కూడా బిగించేటప్పుడు పాడయ్యేది మూడు చోట్ల. పై నట్టు బిగించేటప్పుడు రాడ్ తిరుగుతుందని కట్టింగ్ ప్లేయర్‌తో క్రోమ్‌ను పట్టుకోవడం మొదటిది. రాడ్ కొనన గాడిలో ఎలెన్ కీ పెట్టి ఆపాలి. స్ప్రింగు కంప్రెసర్‌తో (స్ప్రింగును అదిమి పట్టే పనిముట్టుతో) స్ప్రింగును సరిగా నొక్కకముందే పై నట్టు విప్పడం రెండోది, ఇది ప్రాణాల మీదికి తెచ్చే పని. మూడోది, చక్రం గాల్లో వేలాడుతుండగానే లోయర్ ఆర్మ్ బుష్ (ఆర్మ్ బండికి కలిసే చోట ఉండే రబ్బరు) బోల్టులు పూర్తిగా బిగించడం. బండి కిందికి దిగగానే ఆ రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, కొన్ని నెలలకే చిరుగుతుంది. ముందు వదులుగా తొడిగి, బండి బరువు చక్రాల మీద పడ్డాక మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి.

రెండు స్ట్రట్లలో ఒకటి తేడాగా తేలితే జతనే మార్పించండి. ఒకటి ఒక బ్యాచ్, ఇంకోటి వేరే కంపెనీ పెడితే బ్రేక్ వేసినప్పుడు బండి ఒక వైపు ఎక్కువ దిగుతుంది.