పాదచారుల భద్రత చదువుతానంటోంది, చదవనివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరబోతోంది. లెక్కలు, ఫిజిక్స్ బాగా చేస్తుంది. మెకానికల్ తీసుకుని, రోడ్డు మీద నడిచేవాళ్లకు ప్రాణాపాయం తగ్గేలా వాహనాలు డిజైన్ చేయడం నేర్చుకుంటానంటోంది. ఇక మీదట కార్లు మనిషిని చూసి వాటంతటవే ఆగిపోతాయి కదా, బంపర్లూ బానెట్లూ చదివి ఏం లాభం? ఏఐ బ్రాంచ్‌లో చేర్చి సెల్ఫ్ డ్రైవింగ్ వైపు పంపమని తెలిసినవాళ్లంతా అంటున్నారు. రెండూ పోల్చి చెప్పండి. ఆడపిల్ల వర్క్‌షాపుల్లో ఎలా నెగ్గుకొస్తుందన్న టెన్షన్ కూడా ఉంది.

జవాబు: బ్రాంచ్ పేర్లు మారుతుంటాయి కానీ ఈ ప్రశ్న నాకు ఏటా వస్తూనే ఉంటుంది. పిల్ల ఎంచుకున్న దారి నడుమలో మూసుకుపోతుందేమో అన్నదే అసలు భయం. ముందు దానికే జవాబు చెబుతాను. ఈ దారి మూసుకుపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రోడ్డు ప్రమాదాల్లో ఏటా సుమారు 11.9 లక్షల మంది చనిపోతున్నారు. వాళ్లలో ఐదో వంతుకు పైగా నడిచి వెళ్తున్నవాళ్లే. ఈ పని చేసేవాళ్ల అవసరం ఇప్పట్లో తీరేది కాదు.

కార్లు వాటంతటవే ఆగిపోతాయన్న మాట సగమే నిజం. ఆటోమేటిక్ బ్రేకింగ్ మేలు చేస్తోంది, కాదనను. అమెరికాలో ఐఐహెచ్ఎస్ అనే భద్రతా సంస్థ 2022లో చేసిన అధ్యయనంలో, ఆ ఏర్పాటున్న వాహనాలు పాదచారులను ఢీకొనడం 27 శాతం తక్కువగా కనిపించింది. వీధి దీపాలు లేని చీకట్లో మాత్రం తేడా ఏమీ కనబడలేదు. ఇంకో సంగతి చూడండి. బ్రేక్ పడినా బండి చాలాసార్లు పూర్తిగా ఆగదు, వేగం తగ్గి తగులుతుంది. అంతర్జాతీయ నిబంధనల్లో బానెట్‌ను తల నమూనాతో పరీక్షించేది గంటకు 35 కిలోమీటర్ల వేగంతో, బంపర్‌ను కాలి నమూనాతో పరీక్షించేది 40 కిలోమీటర్ల వేగంతో. అంటే బ్రేక్ వేగాన్ని ఎక్కడికి దించి వదులుతుందో, సరిగ్గా అక్కడే బండి ముందుభాగం ఆకారం ప్రాణం నిలుపుతుంది, లేదా తీస్తుంది.

అదెలాగో మీ అమ్మాయికి ఇప్పటికే కొంత తెలిసి ఉంటుంది. మీరూ తెలుసుకోండి. మామూలు ఎత్తున్న కారు మొదట కాలికి తగులుతుంది. మనిషి ఒరిగి బానెట్ మీద పడతాడు, తల బానెట్‌కో అద్దానికో కొట్టుకుంటుంది. బానెట్ రేకు కింద కాస్త ఖాళీ ఉంటే రేకు లోపలికి వంగి దెబ్బను మింగుతుంది. ఖాళీ లేక కిందనే ఇంజిన్ ఉంటే పుర్రె పగులుతుంది. అందుకే కొన్ని కార్లలో మనిషి తగలగానే బానెట్ వెనక అంచు కొన్ని సెంటీమీటర్లు పైకి లేచేలా పెట్టారు. వోల్వో 2012లో వి40 కారుకు పాదచారుల కోసం బయటివైపు ఎయిర్‌బ్యాగ్ కూడా అమర్చింది. ఎత్తయిన, నిటారు ముఖమున్న బండి అయితే దెబ్బ నేరుగా నడుముకో ఛాతీకో తగులుతుంది, మనిషి బానెట్ మీదికి రాకుండా ముందుకు నేల మీద పడతాడు. పిల్లలకైతే అది తలకే తగలొచ్చు. అదే ఐఐహెచ్ఎస్ 2023లో దాదాపు 18 వేల ప్రమాదాలను పరిశీలించింది. బానెట్ అంచు 40 అంగుళాలకు మించిన వాహనాలు ఢీకొన్నప్పుడు, 30 అంగుళాల లోపు ఎత్తుతో ఏటవాలుగా ఉన్నవాటితో పోలిస్తే, పాదచారి చనిపోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువని తేల్చింది. జనం పెద్ద బండ్లను కోరుకుంటున్న కాలంలో ఈ చదువుకు పని తగ్గుతుందా, పెరుగుతుందా?

ఇక ఏఐ బ్రాంచ్. ఆ రంగం చెడ్డదని నేననను. దాన్ని అమ్ముతున్న తీరే నాకు నచ్చడం లేదు. 'సెల్ఫ్ డ్రైవింగ్' పేరుతో వచ్చే చాలా షార్ట్ కోర్సుల్లో పిల్లలు చేసేది, ఎవరో తయారుచేసి పెట్టిన ఏఐ మోడల్‌ను రోడ్డు వీడియో మీద నడిపి, మనిషిని గుర్తుపట్టినట్టు చుట్టూ డబ్బాలు గీయించడం. చూడ్డానికి బాగుంటుంది, తల్లిదండ్రులు మురిసిపోతారు. కానీ ఆ డబ్బా అర సెకను ఆలస్యంగా పడితే బండి ఎంత వేగంతో తగులుతుంది, ఎక్కడ తగులుతుంది, ఎముక ఎంత బలానికి విరుగుతుంది అని అడిగితే జవాబుండదు. 2018లో అమెరికాలోని టెంపీలో పరీక్షల్లో ఉన్న ఒక సెల్ఫ్ డ్రైవింగ్ వాహనం, సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొంది, ఆమె చనిపోయింది. సెన్సర్లు ఆమెను 5.6 సెకన్ల ముందే పసిగట్టాయి. సాఫ్ట్‌వేర్ మాత్రం ఒకసారి వాహనమనీ ఒకసారి సైకిలనీ మార్చుకుంటూ పోయింది. క్రాసింగ్ లేని చోట మనిషి రోడ్డు దాటవచ్చన్న ఆలోచనే అందులో లేదని దర్యాప్తులో తేలింది. కోడ్ రాసేవాళ్లకు అక్కడ కొరత లేదు. నడిచే మనిషి గురించి ఆలోచించేవాళ్లు ఆ గదిలో ఉండాల్సింది.

పోలిక అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఏఐ వైపు మొదటి ఉద్యోగం తొందరగా రావచ్చు, మొదటి జీతమూ ఎక్కువ ఉండొచ్చు, పోటీ మాత్రం విపరీతం. వాహన భద్రతలో మొదటి రెండు మూడేళ్లు నెమ్మదిగా నడుస్తాయి, తరవాత అనుభవానికి విలువ పెరుగుతుంది. పైగా ఇటునుంచి అటు వెళ్లడం సులువు. మెకానిక్స్ వచ్చినవాళ్లు ప్రోగ్రామింగ్ నేర్చుకోగలరు. ప్రోగ్రామింగ్ ఒక్కటే వచ్చినవాళ్లు ముప్పై ఏళ్ల వయసులో మెకానిక్స్ మొదలుపెట్టడం చాలా కష్టం.

వర్క్‌షాపు భయం గురించి. ఈ రంగంలో చాలా పని కంప్యూటర్ ముందే జరుగుతుంది, ఢీకొనడాన్ని సిమ్యులేషన్‌లో వేలసార్లు చేసి చూస్తారు. ల్యాబ్‌లో తల పరీక్ష చేసేటప్పుడు కారు కదలను కూడా కదలదు, ఆగి ఉన్న కారు బానెట్ మీదికి యంత్రంతో తల నమూనాను విసురుతారు. పెద్దవాళ్ల నమూనా 4.5 కిలోలు, పిల్లలది 3.5 కిలోలు. ఇంత చెప్పాక ఒక మాట గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. ఆమె వర్క్‌షాపులోకే వెళ్లాల్సి వచ్చిందనుకోండి, అయితే ఏమిటి? మీ ఉత్తరమంతా తెలిసినవాళ్లు ఏమన్నారో ఉంది. ఆ వయసు పిల్లకు నడిచేవాళ్ల ప్రాణాల గురించి ఆలోచన ఎలా కలిగిందో ఒక్క ముక్క కూడా లేదు. అడిగారా అసలు? చాలామంది పిల్లలు ఇంజినీరింగ్ ఎందుకంటే జీతం తప్ప వేరే కారణం చెప్పలేరు. మీ అమ్మాయి దగ్గర కారణం ఉంది. దాన్ని ఇంట్లోనే నీరుగార్చకండి.

ఒక జాగ్రత్త చెప్పాలి. కార్ డిజైన్ కోర్సు అని కనిపించే ప్రతిదీ ఆమెకు కావలసింది కాదు. వాటిలో చాలావరకు బండి అందం, గీతలు నేర్పుతాయి. ఆమెకు కావలసింది మెకానికల్ డిగ్రీ, అందులో డైనమిక్స్, మెటీరియల్స్, ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి (వస్తువును చిన్న ముక్కలుగా విడగొట్టి, దెబ్బకు అది ఎలా వంగుతుందో కంప్యూటర్‌తో లెక్కగట్టడం). అవకాశముంటే బయోమెకానిక్స్, అంటే శరీరం మీద బలాలు ఎలా పనిచేస్తాయో చెప్పే సబ్జెక్టు, ఎలక్టివ్‌గా తీసుకోమనండి. పైథాన్ ప్రోగ్రామింగ్ మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టాలి. మూడో ఏడాదిలో బానెట్ మీద తల నమూనా పడే చిన్న సిమ్యులేషన్ తనే చేసి, రేకు మందం, కింద ఖాళీ మార్చినప్పుడు తలకు తగిలే దెబ్బ ఎలా మారుతుందో రాసి పెట్టుకుంటే, ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కన్నా దాని గురించే ఎక్కువ అడుగుతారు. ఆ పని చేస్తున్నప్పుడు సెన్సర్ల వైపు మనసు మళ్లితే మాస్టర్స్‌లో మారవచ్చు. ఆ నిర్ణయం అప్పుడు ఆమె తీసుకుంటుంది, ఇప్పుడు మీరు తీసుకోనక్కర్లేదు.