చిన్న కుక్కే కదా అని అపెన్‌జెల్లర్ తెచ్చుకోకండి

జ్యూరిచ్‌లో మూడో అంతస్తు ఫ్లాట్, ఇద్దరు చిన్నపిల్లలు, బెర్నీస్ మరీ పెద్దదైపోతుంది కాబట్టి అపెన్‌జెల్లర్ తీసుకుందామా అని అడిగారు. వద్దండీ. బెర్నీస్, గ్రేటర్ స్విస్, అపెన్‌జెల్లర్, ఎంట్లెబుఖర్ అనే ఈ నాలుగు స్విస్ కొండ కుక్కల జాతుల్లో సైజు చూసి ఎంచుకుంటే లెక్క తప్పుతుంది.

మేం బెర్న్ దగ్గర పల్లెలో ఉన్నప్పుడు మాకు బెర్నీస్, పక్కింటి రైతుకి అపెన్‌జెల్లర్ ఉండేవి. వాళ్లు ఊరెళ్తే దాన్ని చూసుకునేది నేనే. ఎత్తు అటూఇటూగా 55 సెంటీమీటర్లు, కానీ పిట్ట కొంచెం కూత ఘనం అంటారే, అది దీన్ని చూసి పుట్టిన మాటే అనిపించేది, పోస్టుమ్యాన్ సందు మొదట్లో ఉండగానే మొదలుపెట్టేది. రెండు గంటలు నడిపించి తీసుకొస్తే గుమ్మంలో నిలబడి ఇప్పుడేం చేద్దాం అన్నట్టు చూసేది. ఒకరోజు మావాడు పెరట్లో పరిగెడుతుంటే చుట్టూ తిరిగి వచ్చి మడమ దగ్గర చిన్నగా కొరికింది. కోపం కాదు, దాని పనే అది. ఆల్ప్స్ మీద ఆవుల్ని తోలడానికి పెంచిన కుక్క, మడమ మీద కొరికి, ఆవు తన్నేలోపు తప్పుకుంటుంది. ఇంకా చిన్నదైన ఎంట్లెబుఖర్‌దీ అదే వృత్తి.

బెర్నీస్, గ్రేటర్ స్విస్ పాల క్యాన్ల బండి లాగి, ఇల్లు కాసిన కుక్కలు, అందుకే నిదానం. (గ్రేటర్ స్విస్‌ని 1908లో లాంగెన్‌తాల్ ఊళ్లో కుక్కల ప్రదర్శనకి పొట్టి జుట్టు బెర్నీస్ అని తెస్తే, ఇది వేరే జాతి అని తేల్చింది ఆల్బర్ట్ హైమ్, ఆయన వృత్తికి జియాలజీ ప్రొఫెసర్!) మా బెర్నీస్ పిల్లలు మీదెక్కినా కదిలేది కాదు, కాకపోతే జులై ఎండలో నడక మధ్యలో చెట్టు నీడన కూలబడితే ఎవరు లాగినా లేచేది కాదు, బ్రష్ చేసిన ప్రతిసారీ ఇంకో కుక్కకి సరిపడా జుట్టు వచ్చేది.

అసలు బాధ వేరే ఉంది. బెర్నీస్‌లు ఎక్కువ కాలం బతకవు, ఏడెనిమిదేళ్లు, క్యాన్సర్లు ఎక్కువ. మాది ఏడో ఏట పోయింది. చివరి నెలలో దుప్పటిలో పడుకోబెట్టి నేనూ మా ఆవిడా చెరోవైపు పట్టుకుని కిందికి దించేవాళ్లం, మాదైతే ఒకటే అంతస్తు. బెర్నీస్ వైపు మొగ్గితే తల్లిదండ్రులూ తాతలూ ఎన్నేళ్లు బతికాయో బ్రీడర్‌ని నిలదీసి అడగండి.

ఇంతకీ మీ బిల్డింగ్‌లో లిఫ్ట్ ఉందా?