పడవల షెడ్డు ఘాటు: అదే స్టైరీనా?

ప్రశ్న: మా ఇంటి వెనక ఫైబర్ పడవలు బాగుచేసే షెడ్డు ఉంది. పని జరిగే రోజుల్లో ఘాటుకు కళ్లు మండుతున్నాయి. విశాఖలో ప్రాణాలు తీసిన స్టైరీన్ ఇదేనని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? ఇంట్లో చంటిపిల్ల ఉంది.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: పదార్థం అదేనండి. స్టైరీన్ అంటే ప్లాస్టిక్ తయారీలో వాడే, తేలిగ్గా ఆవిరయ్యే ద్రవం. ఫైబర్ మ్యాట్‌కు (గాజునార చాపకు) పూసే పాలియెస్టర్ రెజిన్ అనే జిగురులో సుమారు మూడో వంతు స్టైరీనే ఉంటుంది. అయితే 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గరి ఆర్.ఆర్.వెంకటాపురంలో జరిగింది వేరు. స్టైరీన్ అణువులు తమలో తాము అతుక్కుంటూ వేడి పుట్టిస్తాయి, ఆ వేడికి ఇంకా వేగంగా అతుక్కుంటాయి. దీన్ని ఆపడానికి టీబీసీ అనే రసాయనం కలిపి, ట్యాంకును చల్లగా ఉంచాలి. లాక్‌డౌన్‌లో అక్కడి ఎల్‌జీ పాలిమర్స్ ప్లాస్టిక్ ఫ్యాక్టరీ ట్యాంకులో ఈ రెండూ కొరవడి, ఆవిరి ఊరి మీదికి వచ్చి, 12 మంది చనిపోయారు.

షెడ్డులోని డబ్బాలతో అంత ముప్పు రాదు, కానీ గుణం మాత్రం మారదు. హార్డనర్ (రెజిన్‌ను గట్టిపరిచే రసాయనం) కలిపాక మగ్గులో మిగిలిన రెజిన్‌ను గమనించండి: మొదట మగ్గు వెచ్చబడుతుంది, తర్వాత చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది, ఒక్కోసారి పొగలు కూడా వస్తాయి. దాన్ని అలాగే చెత్తకుప్పలో పడేస్తే నిప్పు పెట్టినట్టే.

నిప్పు విషయంలోనే నాకు ఎక్కువ భయం. స్టైరీన్ 31 డిగ్రీల దగ్గరే అంటుకునేంత ఆవిరినిస్తుంది. మన ఎండాకాలంలో అంతకంటే తక్కువ వేడి ఉండే మధ్యాహ్నం ఏదీ? ఆ ఆవిరి గాలికంటే మూడు రెట్లకు పైగా బరువు కాబట్టి నేలబారుగా, కాలువల వెంట పాకి, దూరాన ఉన్న బీడీకో పొయ్యికో అంటుకుని, మంట వెనక్కి డబ్బా దాకా రాగలదు. ద్రవం నీటిపై తేలుతుంది, కాబట్టి నీళ్లు కొడితే మంట వ్యాపిస్తుంది; నురుగు లేదా పొడి వాడాలి.

ఇక ఆరోగ్యం. వాసన చాలా తక్కువ మోతాదులోనే తెలుస్తుంది కాబట్టి వాసన రాగానే విషం ఎక్కిందనుకోనక్కర్లేదు. కళ్లు మండుతున్నాయంటే మాత్రం మోతాదు పెరిగినట్టే. తలనొప్పి, వికారం, తల తిరగడం ఆ తర్వాతి మెట్లు. ఏళ్ల తరబడి పీల్చే పనివాళ్లకు వినికిడి, రంగులు గుర్తించే చూపు దెబ్బతింటాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో దీన్ని క్యాన్సర్ కలిగించే అవకాశం ఎక్కువగా ఉన్న పదార్థాల్లో చేర్చింది. ‘మాకేమీ వాసన రావట్లేదు’ అని షెడ్డువాళ్లంటే నమ్మకండి, ముక్కు అలవాటు పడిపోతుంది. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు.

గాలిలో స్టైరీన్ ఒకటి రెండు రోజుల్లో విరిగిపోతుంది; అలాగని కాలువలో పారబోస్తే చేపలకు హాని.

పని జరిగేటప్పుడు షెడ్డు వైపు కిటికీలు మూసి, పాపను అవతలి గదిలో ఉంచండి. యజమానితో మాట్లాడినా మార్పు రాకపోతే కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఏ రోజు, ఏ వేళ కళ్లు మండాయో అందులో రాయండి.