జీతం ఆగినప్పుడల్లా అప్పు.. చిట్టీ పాడి సౌదీ వెళ్లిపోనా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. 2019 నుంచి కోనసీమలో 108 అంబులెన్స్‌లో ఈఎంటీగా (పేషెంటుకు దారిలో అత్యవసర వైద్యం అందించే టెక్నీషియన్‌గా) పనిచేస్తున్నాను. జీతం 20 వేలు. కోతలు పోను 18 వేల చిల్లర చేతికొస్తుంది. అదీ ఒక్కోసారి రెండు నెలలు ఆగిపోతుంది. అలాంటప్పుడు చేసిన అప్పులన్నీ కలిసి 80 వేలయ్యాయి, నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకు 5 వేల చొప్పున 40 నెలల 2 లక్షల చిట్టీలో 22 వాయిదాలు కట్టాను. ఇప్పుడు పాడితే లక్షా 70 వేలు రావచ్చు. చెల్లి కాకినాడలో బీఎస్సీ ఎమర్జెన్సీ కోర్సు రెండో ఏడాది, ఫీజు 55 వేలు బాకీ ఉంది. సౌదీలో పారామెడిక్ ఉద్యోగానికి ఒక ఏజెంటు రెండున్నర లక్షలు అడుగుతున్నాడు. పాత పీఎఫ్ తీసేసి, చిట్టీ పాడి వెళ్లిపోనా? లేక ఆఫ్ రోజుల్లో ప్రైవేటు ఆసుపత్రిలో క్యాజువాలిటీ డ్యూటీ చేసుకోనా?

జవాబు: చిట్టీ పాడండి. కానీ సౌదీ కోసం కాదు, ఆ మూడు రూపాయల వడ్డీని వదిలించుకోవడానికి.

లెక్క చూడండి. 80 వేలకు నెలకు 2,400 వడ్డీ. చిట్టీ ముగిసేదాకా ఆగితే ఈ 18 నెలల్లో 43,200 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఆఖరి దాకా ఆగితే కమీషన్ పోను మీ చేతికి లక్షా 90 వేల దగ్గర వస్తుందనుకుందాం. ఇప్పుడే పాడితే పోయేది 20 వేలు, మిగిలేది 43 వేలు. మామూలుగా చిట్టీని తొందరపడి పాడొద్దనే చెబుతాను. మీ విషయంలో మాత్రం ఆగడమే నష్టం.

చేతికొచ్చే లక్షా 70 వేలలో 80 వేలు అదే రోజు అప్పుకు కట్టేసి, నోటు వెనక్కి తీసుకోండి. తర్వాతిది జీతం ఆగిన నెలల కోసం. ఇంటికి 7 వేలు, మీ ఖర్చు 5 వేలు, చిట్టీ వాయిదా 5 వేలు అనుకుంటే నెలకు 17 వేలు, మూడు నెలలకు 51 వేలు. దీన్ని జీతం పడే ఖాతాలో ఉంచకండి. వేరే బ్యాంకులో వేసి, ఫోన్‌పేకి ఆ ఖాతాను కలపకుండా ఉంచండి. జీతం పడగానే వాడుకున్నంతా మళ్లీ అందులో నింపాలి. మీకు అప్పు పుట్టింది ఖర్చుల వల్ల కాదు, జీతం తేదీ వల్ల. ఆ తేదీ మీ చేతిలో లేదు కాబట్టి ఈ 51 వేలే మీకు రిలీవర్.

ఖర్చుల సంగతీ ఒక మాట. పన్నెండు గంటల డ్యూటీలో బేస్ దగ్గర టిఫిను, టీలు సరే. మధ్యాహ్నం క్యారేజీ విప్పుతుండగా కాల్ వస్తుంది. పేషెంటును పెద్దాసుపత్రిలో అప్పగించి వచ్చేసరికి కూర పాడైపోయి ఉంటుంది, మళ్లీ హోటల్ భోజనం. దీన్ని దుబారా అనను, ఆ 5 వేలలో లెక్క వేసుకోండంతే.

చెల్లి ఫీజుకు ప్రభుత్వ బ్యాంకులో విద్యారుణం అడగండి. 4 లక్షల లోపు రుణానికి సాధారణంగా ఆస్తి తాకట్టు అడగరు. కోర్సు పూర్తయ్యాక ఏడాది వరకు వాయిదాలు ఉండవు. ఆడపిల్లలకు చాలా బ్యాంకులు వడ్డీలో కొంత తగ్గిస్తాయి. ఏడాదికి 10 శాతం అనుకున్నా మన లెక్కలో 83 పైసల వడ్డీ. మూడు రూపాయలెక్కడ, ఇదెక్కడ! మంజూరు ఆలస్యమైతే మీ దగ్గర ఇంకా 39 వేలు ఉన్నాయి, కొంత కట్టి కాలేజీని గడువు అడగవచ్చు.

పాత పీఎఫ్‌ను మాత్రం కదిలించకండి. 2020లో 108 నిర్వహణ సంస్థ మారింది కాబట్టి మీకు ఒకే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే నంబరు) కింద రెండు, మూడు ఖాతాలు ఉండి ఉంటాయి. వాటిని కొత్తదానికి ట్రాన్స్‌ఫర్ పెట్టండి. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి. పాత సంస్థలో కట్టిన పెన్షన్ సొమ్ము తీసేసుకుంటే ఆ ఏళ్లు లెక్కలోంచి పోతాయి. పైగా 2024-25కు పీఎఫ్ వడ్డీ 8.25 శాతం ఇచ్చారు. ఏ డిపాజిట్టులో వేసి అంత తెస్తారు?

ఆఫ్ రోజు డ్యూటీకి నేను పూర్తిగా వద్దనను. ముందు మీ నియామక పత్రంలో వేరే పని చేయకూడదనే షరతు ఉందేమో చూడండి. లేకపోతే వారానికి ఒక్క పగటి డ్యూటీ చాలు. నైట్ దిగి నేరుగా ఇంకో క్యాజువాలిటీకి వెళ్లొద్దు. 108లో మీకు ఈఎస్‌ఐ ఉంది, 21 వేల లోపు జీతం కాబట్టి. డ్యూటీలో సూది గుచ్చుకున్నా, బండి బోల్తా పడినా వైద్యం అందుతుంది, పనికి వెళ్లలేని రోజులకు జీతంలో 90 శాతం వరకు ఇస్తారు. ఆ ప్రైవేటు ఆసుపత్రి మిమ్మల్ని రిజిస్టరులో ఎక్కించకుండా రోజు కూలీ చేతిలో పెడితే, అక్కడ జరిగినదానికి ఈ రక్షణ వర్తించదు. మీపై ఇంత మంది ఆధారపడి ఉన్నారు కాబట్టి, ఇక వడ్డీ కట్టక్కర్లేక మిగిలే 2,400లోంచి 25 లక్షల టర్మ్ పాలసీ (జీవిత బీమా) తీసుకోండి. ఫారంలో అంబులెన్స్ ఉద్యోగమని దాచకుండా రాయండి. అప్పటిదాకా బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా రెండూ పెట్టించుకోండి.

ఇక సౌదీ. వెళ్లాలనుకోవడంలో తప్పు లేదు, అడిగిన రేటే తప్పు. కేంద్రం దగ్గర నమోదైన ఏజెంటు సర్వీసు చార్జీగా 30 వేలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని పేరుందో లేదో చూడండి. ఇలాంటి ఉద్యోగాలకు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్‌ను కూడా అడగండి. అక్కడి లైసెన్సుకు డేటాఫ్లో అనే సర్టిఫికెట్ల తనిఖీ, ప్రోమెట్రిక్ పరీక్ష ఉంటాయి. డేటాఫ్లో వాళ్లు మీ అనుభవ పత్రం ఇచ్చిన సంస్థనే అడిగి నిర్ధారించుకుంటారు. సంస్థ మారిపోయాక ఆ కాగితం ఇచ్చేవాళ్లను పట్టుకోవడం కష్టం. 2019 నాటి నియామక పత్రం, జీతం స్లిప్పులు, రిలీవింగ్ లెటర్ దొరికినవన్నీ ఇప్పుడే స్కాన్ చేసి పెట్టుకోండి.

పాటకు వెళ్లే ముందు చిట్‌ఫండ్ ఆఫీసులో జామీను సంగతి అడగండి. పాడినవాళ్లు మిగతా వాయిదాలకు హామీ చూపాలి. అవుట్‌సోర్సింగ్ ఉద్యోగి జామీను ఒప్పుకోమని, పర్మినెంటు ఉద్యోగుల సంతకాలు కావాలని చాలాచోట్ల అంటారు. సంతకం పెట్టేవాళ్లు దొరకకుండా పాడితే డబ్బు వాళ్ల దగ్గరే ఉండిపోతుంది, ఇక్కడ మీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది.