ప్రబుద్ధుడు: తిట్టా, పొగడ్తా?

ప్రశ్న: ఇటీవల మా జిల్లా పేజీలో “కన్నతల్లిని బస్టాండులో వదిలేసిన ప్రబుద్ధుడు” అనే శీర్షికతో ఒక వార్త వచ్చింది. కాస్తో కూస్తో సంస్కృతం చదువుకున్న నాకు అది మింగుడుపడలేదు. ప్రబుద్ధుడంటే జ్ఞాని కదా! విలేకరి అర్థం తెలియక రాశాడని నేనంటే, పేపర్లలో ఎప్పటి నుంచో ఇలాగే రాస్తున్నారు, తప్పేం లేదని మా తోడల్లుడు వాదించాడు. ఎవరి మాట నిజం? ఇంకో సంగతి. మా గురువుగారి సన్మానపత్రంలో “ప్రబుద్ధులు” అని రాయాలనుకుంటున్నాను. రాయవచ్చా? – ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం: మాట పుట్టుక గురించి మీరు చెప్పింది నిజం. ‘బుధ్’ అనే ధాతువుకు తెలుసుకోవడం, మేలుకోవడం అని అర్థాలు. బుద్ధి, బోధ, బుధుడు, బుద్ధుడు అన్నీ దాని పిల్లలే. కార్తీక శుద్ధ ఏకాదశిని ప్రబోధినీ ఏకాదశి అనడం కూడా ఆ రోజు విష్ణువు యోగనిద్ర నుంచి మేలుకుంటాడనే. ప్రబుద్ధుడంటే మేలుకొన్నవాడు, వివేకి. 1896లో మద్రాసు నుంచి వివేకానందుడి ప్రోత్సాహంతో మొదలైన ఇంగ్లిషు మాసపత్రిక పేరు ‘ప్రబుద్ధ భారత’. అంబేడ్కర్ తన ‘జనతా’ పత్రిక పేరును 1956లో మార్చినప్పుడు ఎంచుకున్న పేరూ ‘ప్రబుద్ధ భారత్’. మన తెలుగులో శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు నడిపిన పత్రిక ‘ప్రబుద్ధాంధ్ర’. వీళ్లెవరూ దేశాన్నో జాతినో వెక్కిరించడానికి ఆ పేర్లు పెట్టలేదు.

అయినా విలేకరికి అర్థం తెలియదనడం తొందరపాటే. వార్తల్లో ప్రబుద్ధుడు ఎత్తిపొడుపుగా ప్రవేశించాడు. బుద్ధి ఉన్నవాడు చేయని పని చేసినవాణ్ని మహా వివేకి అని పిలవడం అది. ఈ ఎత్తిపొడుపు మనకు కొత్త కాదు. కాఫీ కప్పు పగలగొట్టిన పిల్లవాడిని అమ్మ “మంచి పని చేశావు నాయనా” అంటుంది. వాడు కూడా దాన్ని మెచ్చుకోలు అనుకోడు. పొగడ్త ముసుగులో తిడితే ఆలంకారికులు వ్యాజస్తుతి అన్నారు. మాట తన అర్థానికి సరిగ్గా ఎదురు అర్థం ఇస్తే విపరీత లక్షణ అన్నారు. శాస్త్రం ఒప్పుకున్న దారిలోనే విలేకరి నడిచాడు.

పైగా అతను ఒంటరి కాదు. రేపటి పేపరు తీసి చూడండి. ‘పుత్రరత్నం’ అని కనబడితే ఆ కొడుకు ఏదో వెలగబెట్టాడని చదవకుండానే తెలిసిపోతుంది. మంత్రిగారి ‘సుపుత్రుడు’ అంటే కారు ఎవరి మీదికో ఎక్కించి ఉంటాడు. ‘ఘనకార్యం’, ‘ఘనుడు’ అంతే. ‘నిర్వాకం’ సంగతి మరీ విచిత్రం. నిర్వహణతో చుట్టరికం ఉన్న మాట అది. సభ ‘నిర్వాహకులు’ పూలదండలు వేయించుకుంటుంటే ‘అధికారుల నిర్వాకం’ మాత్రం చీవాట్లు తింటోంది. ‘ఛాందసుడు’ ఒకప్పుడు వేదం చదివినవాడు, ఇప్పుడు కాలంతో పాటు కదలనివాడు. ‘కంపు’ పాత కావ్యాల్లో పరిమళం. నేడు ఎవరి ఇంట్లోనైనా “మంచి కంపు వస్తోంది” అనండి, భోజనం పెట్టరు! మంచి అర్థం ఉన్న మాట ఇలా దిగజారడాన్ని భాషాశాస్త్రంలో అర్థాపకర్ష అంటారు.

అయితే ప్రబుద్ధుడిది ఇంకా పూర్తి అపకర్ష కాదనే నా అభిప్రాయం. ఎత్తిపొడుపు పనిచేయాలంటే వినేవాడికి అసలు అర్థం కొంతైనా తెలియాలి. మీకు తెలుసు కాబట్టే కలుక్కుమంది. మీ మనవడికి తెలియకపోవచ్చు. వాడి తరానికి ప్రబుద్ధుడంటే ఒట్టి దుర్మార్గుడే. అందరూ అలాగే చదివే రోజు వస్తే ఎత్తిపొడుపు పోయి తిట్టు మిగులుతుంది. ఇప్పుడు మనం ఆ దారి మధ్యలో ఉన్నాం.

దీనికి తలకిందులుగా జరిగే పొరపాటు ఒకటుంది. “నగరంలో పేరుమోసిన హృద్రోగ నిపుణుడు” అని రాస్తుంటారు. పేరుమోయడం అంటే నిఘంటువులో ప్రసిద్ధి కెక్కడమే. కానీ దొంగలు, రౌడీల పక్కన తిరిగి తిరిగి ఆ మాట చెడ్డపేరు తెచ్చుకుంది. అక్కడ విలేకరి మెచ్చుకోబోయి మచ్చ వేశాడు. పేరొందిన, ప్రసిద్ధ అనే మాటలుండగా ఈ తంటా ఎందుకు? (‘ప్రముఖ’ మాత్రం వద్దు. పేపర్లో ప్రముఖుడు కాని మనిషి కనిపించడం లేదు.)

ఇక మీ తోడల్లుడి గారి వాదన. మాట తప్పు కాదు, అంతవరకు ఆయనదే రైటు. అందరూ రాస్తున్నారు కాబట్టి ఎక్కడైనా రాయొచ్చు అంటే నేను ఒప్పుకోను. మీరు పంపిన కత్తిరింపు మొత్తం చదివాను. లోపల ఉన్నదల్లా, తల్లి ఫిర్యాదు చేసింది, పోలీసులు కేసు నమోదు చేశారు, విచారణ జరుగుతోంది అని. కొడుకు ఏమన్నాడో ఒక్క వాక్యం లేదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం, చూసుకోవలసిన పెద్దలను వదిలించుకోవడం నేరం. రుజువైతే మూడు నెలల వరకు జైలు గానీ, ఐదు వేల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. రుజువైతే అన్నది ముఖ్యం. లోపల ‘ఆరోపణ’ అని జాగ్రత్తగా రాసి, పైన శీర్షికలో ప్రబుద్ధుడు అన్నారంటే తీర్పు చెప్పేశారన్నమాట. శీర్షిక సాధారణంగా డెస్కులో ఉపసంపాదకుడు పెడతాడు కాబట్టి, ఇందులో విలేకరి పాత్ర ఎంతో మనం చెప్పలేం. “తల్లిని బస్టాండులో వదిలేశాడంటూ కొడుకుపై కేసు” అంటే సరిపోయేది. చదివినవాడికి కోపం రావాలంటే ఆ వాక్యం చాలదా? ప్రబుద్ధుడు అనే మాటే సంపాదకీయంలోనో, ఒక కాలమిస్టు వ్యాఖ్యలోనో పడితే నాకు పేచీ లేదు. అక్కడ రచయిత తన అభిప్రాయమే చెబుతున్నాడని పాఠకుడికి తెలుసు.

మీ రెండో ప్రశ్నకు జవాబు: రాయకండి. గురువుగారికి అర్థమవుతుంది, సంతోషిస్తారు కూడా. కానీ సన్మానపత్రాన్ని మైకులో చదువుతారు. వెనక వరుసల్లో పేపరు తెలుగు మాత్రమే తెలిసినవాళ్లు కూర్చుంటారు. ఎవరో ఒకరు కిసుక్కుమంటే ఆ సాయంత్రమంతా పాడవుతుంది. ‘విద్వన్మణి’ బాగుంటుంది. అది బరువనిపిస్తే ‘బహుగ్రంథ పరిచితులు’ అనవచ్చు. ‘ప్రబుద్ధ’ను వదులుకోలేకపోతే, సమాసంలో దాచి “ప్రబుద్ధ చిత్తులు” అని రాయండి. ఆ రూపంలో దాన్ని ఎవరూ తిట్టుగా వాడలేదు. ‘ఘనులు’ జోలికి మాత్రం పోకండి.